చనిపోయిన ముత్తాత పేర పొలం: దక్షిణ చైనా వంశ గ్రామాల లెక్క

హాంకాంగ్‌లో చైనా సరిహద్దు వైపు న్యూ టెరిటరీస్ అనే గ్రామీణ ప్రాంతం ఉంది. అక్కడి భూమి రికార్డులు తిరగేస్తే కొన్ని వందల ఏళ్ల కిందట చనిపోయినవాళ్లు ఇప్పటికీ యజమానులుగా కనిపిస్తారు. రికార్డు సరిచేయడం మరిచిపోయారనుకోకండి. ఆ భూమి నిజంగానే ఆ ముత్తాతది. దాని మీద వచ్చే కౌలు ఆయన సమాధి ఖర్చులకు పోగా మిగిలింది వారసులకు చేరుతుంది. ఇలా పూర్వీకుల పేర, వంశ సంఘాల పేర ఉన్న భూమి ఇప్పటికీ సుమారు 2,400 హెక్టార్లు. మన ఊళ్లలో గుడి మాన్యానికి దేవుడే యజమాని, పూజారీ ధర్మకర్తలూ అనుభవించేవాళ్లూ నిర్వహించేవాళ్లూ మాత్రమే. ఆ పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఒక్కటే, అక్కడ దేవుడి స్థానంలో తాత ఉన్నాడు.

దక్షిణ చైనా పల్లెల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆచారాలను వరసగా చెప్పుకుంటూ పోతారు. కాల్చిన పంది, ఎర్ర లాంతరు, ఎముకల జాడీ, వంశమందిరం, వెదురు పందిట్లో నాటకం. విడివిడిగా చూస్తే ఇవన్నీ వింత అలవాట్లలా ఉంటాయి. పొలం వైపు నుంచి చూస్తే మాత్రం వీటిలో చాలా భాగం ఒకే ఖాతాపుస్తకంలోని పద్దులు. ఎవరు వాటాదారు, ఎవరు కాదు, ఎవరికి ఎంత అన్నది ఊరందరి ముందూ తేల్చే పద్ధతులు.

ఆ ఊళ్ల తీరు ముందు చెప్పాలి. గ్వాంగ్‌డోంగ్, ఫుజియాన్ ప్రాంతాల్లో ఊరంతా ఒకే ఇంటిపేరు ఉండటం మామూలు. న్యూ టెరిటరీస్‌లో తంగ్, హావ్, పంగ్, లియు, మాన్ అనే ఐదు వంశాలను పెద్ద వంశాలంటారు. వీటిలో తంగ్‌లు సోంగ్ రాజుల కాలంలో కామ్ తిన్ లోయకు వచ్చి మంచి నీటి వసతి ఉన్న వరిపొలాలు పట్టుకున్నారు. తర్వాత వచ్చిన, వేరే యాస మాట్లాడే హక్కా జనానికి కొండవాలు భూములు మిగిలాయి. ఊరి వెనక కొండ, దాని మీద నరకకూడని చెట్ల తోపు, ముందు చెరువు, మధ్యలో వరసలుగా ఇటుక ఇళ్లు. ఆ తోపును ఫెంగ్‌షుయ్ (చైనా వాస్తు) కోసమని కాపాడతారు. నిజానికి అది తుపాను గాలిని ఆపుతుంది, వానకు కొండమట్టి జారి ఇళ్ల మీద పడకుండా పట్టుకుంటుంది. ఒకే ఇంటిపేరు వాళ్ల మధ్య పెళ్లి కుదరదు కాబట్టి మగవాళ్లందరూ పుట్టిన ఊళ్లోనే బతుకుతారు, ఆడవాళ్లందరూ వేరే ఊళ్ల నుంచి వస్తారు. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, వాటాల గొడవంతా చివరికి ఇక్కడికే వస్తుంది.

లెక్క మొదలయ్యేది అన్నదమ్ముల పంపకంలో. కొడుకులందరికీ సమాన వాటా, పెద్దవాడికి ఎక్కువ తక్కువలు లేవు. అయితే పంచడానికి ముందే కొన్ని పక్కన పెడతారు. తల్లిదండ్రుల తిండికి కొంత పొలం, పెళ్లికాని తమ్ముడి పెళ్లి ఖర్చు, చెల్లెలి కట్నం, కొన్నిచోట్ల పెద్ద మనవడికి చిన్న ముక్క. మిగిలిన దాన్ని వీలైనంత సమానంగా భాగాలు చేసి చీట్లు వేస్తారు. మంచి పొలం ఒక్కటే ఉంటే దాన్నీ ముక్కలు చేస్తారు. దక్షిణ చైనా వరిమళ్లు అంత చిన్నవి కావడానికి ఇదొక కారణం. సాక్షిగా మేనమామను పిలుస్తారు. ఆయన వేరే వంశంవాడు, ఏ వాటాలోనూ ఆయనకు లాభం లేదు, అక్క కొడుకులందరూ ఆయనకు సమానమే. కాగితం రాసుకుని ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకుంటే పంపకం అయినట్టు. ఒకే కప్పు కింద ఉంటున్నా పొయ్యి వేరైతే కాపురం వేరే.

పంచకుండా పక్కన పెట్టేవాటిలో ముఖ్యమైనది తండ్రి పేరున ఉంచే భూమి. అక్కడి భాష కాంటనీస్‌లో దాన్ని ‘చో’ అంటారు. దాన్ని అమ్మకూడదు, విడగొట్టకూడదు. కౌలుకిచ్చి, వచ్చిన ధాన్యంతో ఏటా ఆ తండ్రి సమాధి దగ్గర పూజ చేయాలి, మిగిలితే మందిరం మరమ్మతుకు, పిల్లల చదువుకు వాడాలి, ఇంకా మిగిలితే పంచుకోవాలి. ఇలాంటివి తరతరాలకూ పేరుకుపోతాయి. 1930ల్లో ఆర్థికవేత్త చెన్ హాన్‌షెంగ్ బృందం గ్వాంగ్‌డోంగ్‌లో సర్వే చేసినప్పుడు, ఆ రాష్ట్రం సాగుభూమిలో దాదాపు మూడోవంతు ఇలా వంశాల ఉమ్మడి భూమిగా ఉన్నట్టు తేలింది. అంటే ఒక పేదరైతు తన వంశానికే కౌలుదారు. ఉమ్మడి ఆస్తిలో వాటాదారూ అతనే, ఆ ఆస్తికి ధాన్యం కొలవాల్సినవాడూ అతనే. పెత్తనం మాత్రం ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలు పాసైన, డబ్బున్న ఇళ్ల చేతిలో ఉండేది. వంశ ఐక్యతను గొప్పగా చెప్పే రాతల్లో ఈ సంగతి తరచుగా జారిపోతుంది.

అసలు చిక్కు మిగులు పంపకంలో ఉంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. తండ్రికి 40 మౌల పొలం ఉంది (15 మౌలు ఒక హెక్టారు). కొడుకులు ముగ్గురు. పది మౌలు తండ్రి పేర ఉంచి తలా పది పంచుకున్నారు. నాలుగు తరాల తర్వాత పెద్దకొడుకు శాఖలో 40 మంది మగవాళ్లు, రెండో శాఖలో 10 మంది, మూడో శాఖలో ఒక్కడే మిగిలారనుకోండి. పూజ ఖర్చులు పోగా ఆ ఏడు 720 కిలోల ధాన్యం మిగిలింది. పాత నియమం ప్రకారం మిగులును శాఖల వారీగా పంచాలి. శాఖకు 240 కిలోలు. పెద్ద శాఖలో మనిషికి ఆరు కిలోలు, రెండో శాఖలో 24, మూడో శాఖలోని ఒంటరివాడికి మొత్తం 240. తలల వారీగా పంచితే అందరికీ సమానంగా సుమారు 14 కిలోల చొప్పున వచ్చేది. జనం ఎక్కువున్న శాఖ ఎప్పుడూ తలల లెక్క కావాలంటుంది, తక్కువున్న శాఖ శాఖల లెక్క వదలదు. ధాన్యం రోజుల్లో ఇది గొణుగుడుగా మిగిలేది. ఆ పొలం మీద హైవేకో కొత్త కాలనీకో పరిహారం వచ్చిన కాలంలో కోర్టు కేసయింది.

ఆ ఒంటరివాడికి కొడుకులు లేకపోతే అతని శాఖ ఆరిపోతుంది, వాటా మిగతా రెండింటికీ పోతుంది. అందుకే అన్నదమ్ముల వరసవాళ్ల కొడుకుల్లో ఒకణ్ని దత్తు తీసుకుంటాడు. పిల్లాణ్ని ఇచ్చేవాళ్లు త్యాగంగా చెప్పుకున్నా, వాళ్ల లెక్క వాళ్లకుంది. ఆరు కిలోల వాటాలో పుట్టిన పిల్లాడు 240 కిలోల వాటాలోకి వెళ్తున్నాడు. దత్తత గురించిన వంశ నియమాలు అంత వివరంగా, ఎవరి కొడుకుకు ముందు హక్కు అన్నదానితో సహా రాసి ఉండటానికి కారణం ఇదే.

కొన్ని వంశాలు ధాన్యం పంచకుండా పొలాన్నే వంతుల మీద తిప్పేవి. ఈ ఏడు పెద్దశాఖది, వచ్చే ఏడు రెండోదానిది. వంతు వచ్చినవాడు పొలం సాగు చేసుకోవచ్చు లేదా కౌలుకివ్వచ్చు, బదులుగా ఆ ఏటి సమాధి పూజ, విందు ఖర్చు భరించాలి. శాఖలు మూడు, పెద్దశాఖలో మళ్లీ ఉపశాఖలు నాలుగు ఉంటే ఒక్కో ఉపశాఖకు పన్నెండేళ్లకోసారి వంతు. పైకి న్యాయంగా కనిపించే ఈ పద్ధతి రెండుచోట్ల దెబ్బతింటుంది. వచ్చే ఏడు పొలం తనది కాదు కాబట్టి ఎవడూ దిబ్బ ఎరువు తోలడు, గట్టు కట్టడు. పైగా తన వంతు ఏడే కరవొస్తే పంట లేకుండానే విందు పెట్టాలి, మళ్లీ పన్నెండేళ్లు ఆగాలి. భూమి బాగా ఉన్న వంశాలు వంతులు మానేసి మేనేజర్లను పెట్టుకుని కౌలు వసూలు చేయడానికి మళ్లాయి. అప్పుడు మేనేజరు చేతివాటం అనే కొత్త సమస్య వచ్చింది.

ధాన్యం శాఖల లెక్కన పోయినా మాంసం మాత్రం చాలా వంశాల్లో తలల లెక్కన పోతుంది. శరత్కాలంలో, తొమ్మిదో చాంద్రమాసం తొమ్మిదో రోజున వచ్చే చుంగ్ యోంగ్ పండుగ, దాని చుట్టుపక్కల రోజులు మూలపురుషుల సమాధుల పూజకు ప్రశస్తం. దగ్గరి తాతలకు వసంతంలో చింగ్ మింగ్ పండుగ ఉంది. మగవాళ్లు కొడవళ్లతో కొండెక్కి సమాధి చుట్టూ గడ్డి కోస్తారు, రాతి మీద అక్షరాలకు ఎర్రరంగు పూస్తారు, చర్మం కరకరలాడేలా కాల్చిన పందుల్ని ముందు పెట్టి ధూపం వేస్తారు, టపాకాయలు కాలుస్తారు. తర్వాత కత్తి, త్రాసు బయటికొస్తాయి. పేర్ల జాబితా చూసుకుంటూ పందిని ముక్కలు చేసి వాటాలు వేస్తారు. వృద్ధులకు చాలాచోట్ల అదనపు వాటా, పూర్వం ప్రభుత్వ పరీక్షలు పాసైనవాళ్లకు ఇంకా ఎక్కువ. త్రాసు ఎందుకంటే, ముక్క చిన్నదైతే పోయేది మాంసం ఒక్కటే కాదు. ఆ ముక్క వంశంలో సభ్యత్వానికి రుజువు. పాత వంశ నియమావళుల్లో పెద్ద తప్పు చేసినవాడికి వేసే శిక్షల్లో ఒకటి ఈ మాంసం వాటా ఆపేయడం. కొన్నేళ్లపాటో, శాశ్వతంగానో. శాశ్వతంగా ఆగిందంటే వంశం నుంచి వెలి. ‘తాయ్ కుంగ్ పంది మాంసం పంచితే అందరికీ వాటా’ అని కాంటనీస్ వాళ్లు ఇప్పటికీ ఆఫీసుల్లో బోనస్ గురించి కూడా అంటుంటారు. తాయ్ కుంగ్ అంటే ముత్తాత. అందరికీ అంటే మగవాళ్లందరికీ అని, అది విడిగా చెప్పాల్సిన పని వాళ్లకు ఉండేది కాదు.

జాబితాలోకి పేరు ఎక్కేది మొదటి చాంద్రమాసంలో. పోయిన ఏడాది కొడుకు పుట్టిన ప్రతి ఇల్లూ మందిరంలో ఒక లాంతరు కడుతుంది. పదిహేనో రోజు దాకా నూనె పోసి వెలిగిస్తారు, ఊరి పెద్దల్ని పిలిచి విందు పెడతారు. చూడముచ్చటైన పండుగే, కానీ దాని పని రిజిస్టరు పని. జనన ధ్రువపత్రాలు లేని కాలంలో, ఈ పిల్లాడు ఫలానావాడి కొడుకు అని ఊరంతా చూసి ఒప్పుకున్న రోజు అది. లాంతరు కట్టనివాడి కొడుకు రేపు వాటా అడిగితే సాక్ష్యం ఉండదు. ఆడపిల్ల పుడితే లాంతరు లేదు.

ఇక చనిపోయినవాళ్ల సంగతి. శవాన్ని పెట్టెలో పూడ్చడం మొదటి విడత మాత్రమే. ఐదారేళ్లో ఏడేళ్లో గడిచాక మంచిరోజు చూసి తవ్వుతారు. మాంసం పూర్తిగా కరగకపోతే మళ్లీ మూసేసి ఇంకొన్నాళ్లు ఆగాలి, బంకమట్టిలో నీరు నిలిచే చోట పూడిస్తే ఇది తరచూ జరుగుతుంది. అన్నీ సరిగా ఉంటే ఎముకలు ఒక్కొక్కటే తీసి తుడిచి, ఆరబెట్టి, దాదాపు రెండడుగుల ఎత్తున్న మట్టి జాడీలో అమరుస్తారు. మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టుగా, కాళ్ల ఎముకలు కింద, పుర్రె పైన. వేళ్ల ఎముకలు జారిపోకుండా చూసుకోవాలి, వరస తప్పకూడదు. అందుకే ఈ పనికి అలవాటైన మనిషిని పిలిచి కూలి ఇస్తారు. జాడీని కొండవాలున నిలబెడతారు. డబ్బు చేరితే, ఫెంగ్‌షుయ్ పండితుడు స్థలం చూపిస్తే, అర్ధచంద్రాకారపు రాతి సమాధి కట్టి దాన్ని శాశ్వతంగా అందులో ఉంచుతారు.

డబ్బు చేరకపోతే? జాడీ అలాగే కొండమీద ఉంటుంది. కొడుకులు వస్తారు, మనవళ్లు వస్తారు, ముని మనవళ్లకు అది ఏ జాడీయో గుర్తుండదు. పూర్వీకులను చైనీయులు మరువరు అని గంభీరంగా చెబుతుంటారుగానీ, కొండ మీద పగిలిన జాడీలు ఆ మాట ఒప్పుకోవు. ఆరు వందల ఏళ్లనాటి సమాధి దగ్గర వందలమంది చేరుతుంటే, పక్కనే ఉన్న నూరేళ్లనాటి సమాధి గడ్డిలో మునిగి ఉంటుంది. మొదటాయన పేర పొలం ఉంది, రెండోవాడి పేర లేదు. పంది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడికే జనం వెళ్తారు.

వంశమందిరంలో కూడా ఇదే వరస. పింగ్ షాన్‌లోని తంగ్ మందిరం ఈ కట్టడాలకు మంచి నమూనా. మూడు చావళ్లు, వాటి మధ్య రెండు ముంగిళ్లు, చివరి చావడిలో మెట్లు మెట్లుగా పూర్వీకుల పేర్లు చెక్కిన కొయ్య పలకలు. మొదటి ముంగిట్లో ఎత్తుగా వేసిన ఎర్ర ఇసుకరాతి దారి, వంశంలో ఒకరు రాజాస్థానంలో పెద్ద పదవి చేశారని చెప్పే గుర్తు. ఆ పదవి లేనివాళ్లు అలా కట్టుకోకూడదు. పలకకు చోటు దొరకడం అందరికీ జరిగేది కాదు. మందిరం కట్టేటప్పుడు, బాగుచేసేటప్పుడు చందా ఇచ్చినవాళ్ల తాతల పలకలు ఎక్కేవి. మిగతావాళ్ల పేర్లు ఇంట్లో గోడకు అతికించిన ఎర్ర కాగితం మీద కొన్ని తరాలు ఉండి పోయేవి. మధ్య తరంలో ఒకడు వ్యాపారంలో గడిస్తే వాడి కొడుకులు వాడి పేర కొత్త చో పెట్టి వేరే చిన్న మందిరం కట్టుకునేవారు. అలా ధనవంతుల శాఖలో ఒక మనిషి నాలుగైదు ఉమ్మడి ఆస్తుల్లో వాటాదారు అవుతాడు, పేదశాఖవాడికి అందరికంటే పైనున్న మూలపురుషుడి పంది ముక్క ఒక్కటే.

వాటాల్లో తేడాలున్నా విందులో కొంచెంసేపు అవి కనబడవు. పూన్ చాయ్ అనే తట్ట భోజనం గురించి ఒక ముక్క చెప్పాలి. వెడల్పాటి గిన్నెలో అడుగున ముల్లంగి, దానిమీద పంది చర్మం, ఎండబెట్టిన సోయా పలకలు, ఆపైన పులియబెట్టిన ఎర్ర సోయా ముద్దతో ఉడికించిన పందిమాంసం, అన్నిటికీ పైన కోడి, రొయ్యలు. కొవ్వు, రసం కిందికి దిగుతాయి, వాటిని పీల్చుకోవడానికే అడుగున ముల్లంగి. పైనే వేస్తే చప్పగా ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు మంది చేరగానే ఒక తట్ట పెడతారు. వరసలు, పీటలు, మర్యాదలు లేవు. బ్యాంకు మేనేజరూ కూలివాడూ ఒకే గిన్నెలో చాప్‌స్టిక్స్ పెడతారు.

కామ్ తిన్‌లో పదేళ్లకోసారి జరిగే ‘జియు’ ఉత్సవానికి లెక్కతో పాటు చరిత్ర కూడా ఉంది. అంతకుముందు పాలించిన మింగ్ రాజవంశపు విధేయులకు సముద్రం వైపు సాయం అందకూడదని 1662లో కొత్త చింగ్ రాజవంశ ప్రభుత్వం తీరం వెంబడి ఊళ్లను ఖాళీ చేయించింది. చాలామంది దారిలోనే పోయారు. 1669లో తిరిగి రానిచ్చారు. ఆ అనుమతి కోసం చక్రవర్తికి విన్నవించిన జౌ యోదె, వాంగ్ లైరెన్ అనే ఇద్దరు అధికారుల పేర తంగ్‌లు ఒక మందిరమే కట్టారు. జియు రోజుల్లో ఊరంతా మాంసం మానేస్తుంది, తావో పూజారులు తంతు నడుపుతారు, ఊరివాళ్లందరి పేర్లూ రాసిన పెద్ద ఎర్ర జాబితా గోడకెక్కుతుంది. జనం వెతికి వెతికి తమ పేరు చూసుకుంటారు. తప్పు రాస్తే, వదిలేస్తే రక్షణ అందదని భయం. ఈ జాబితాలో ఆడవాళ్లూ ఉంటారు. దేవతల రక్షణకు అందరూ లెక్కలోకి వస్తారు, పొలానికి మాత్రం రారు.

1898లో బ్రిటన్ ఈ ప్రాంతాన్ని 99 ఏళ్ల లీజుకు తీసుకుంది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో గ్రామాలు ఆయుధాలు పట్టి ఎదురుతిరిగాయి, కొద్దిరోజుల్లో ఓడిపోయాయి. తర్వాత ప్రభుత్వం ప్రతి మడినీ కొలిచి 1905లో పెద్ద లీజు పట్టికలు తయారు చేసింది. వాటిలో చోలనూ అలాగే యజమానులుగా రాసుకుంది. 1910 నాటి చట్టంలో ఆ ప్రాంత భూముల విషయంలో చైనా ఆచారమే చెల్లుతుందని, ప్రతి చో తరఫునా రిజిస్టరైన మేనేజరు ఉండాలని, అధికారి ముందు ఆయన చేసే సంతకం సభ్యులందరి సంతకంతో సమానమని పెట్టింది. ఇక్కడ ఒక తమాషా జరిగింది. చైనా ప్రధాన భూభాగంలో ఆచారం కాలంతో మారింది, చెరిగింది. హాంకాంగ్‌లో చట్టం దాన్ని పట్టుకుని గడ్డకట్టించింది. చింగ్ రాజుల నాటి గ్రామ ఆచారం ఇప్పటికీ కోర్టులో చెల్లుతుందంటే వలసపాలన చలవే.

మేనేజరు సంతకం చాలు అన్న నియమం మోసానికి దారి కాబట్టి అమ్మకానికి ముందు నోటీసు పెట్టి అభ్యంతరాలు అడుగుతారు, సభ్యుల అంగీకారం చూపమంటారు. కానీ సభ్యులు ఎక్కడున్నారు? సాన్ తిన్‌లోని మాన్ వంశం ఉప్పునీటి మళ్లలో పండించే ఎర్రబియ్యానికి గిరాకీ పోయాక, 1950లు 60ల్లో బ్రిటన్‌కు, నెదర్లాండ్స్‌కు వెళ్లి రెస్టారెంట్లు పెట్టుకుంది. వాళ్ల మనవళ్లకు చైనా అక్షరాలు రాకపోవచ్చు, వాటా మాత్రం ఉంది. ఒక్కరు అడ్డుపడినా వ్యవహారం ఏళ్ల తరబడి ఆగుతుంది. ఇళ్ల కొరతతో అల్లాడే నగరంలో ఇంత భూమి కదలకుండా ఉండటానికి ఇదొక కారణం.

పొలాలకు ధర వచ్చాక మగపిల్లాడి లాంతరుకూ ధర వచ్చింది. 1972 డిసెంబరులో వచ్చిన చిన్న ఇళ్ల విధానం ప్రకారం, ప్రభుత్వం గుర్తించిన ఊళ్లో 1898లో నివసించినవాడి పురుష సంతతికి చెందిన, 18 ఏళ్లు నిండిన మగవాడు జీవితంలో ఒకసారి ఊళ్లో ఇల్లు కట్టుకోవచ్చు. అంతస్తుకు 700 చదరపు అడుగులు, మూడంతస్తులు, ఎత్తు 27 అడుగులు మించకూడదు. 2021 నవంబరులో హాంకాంగ్ అత్యున్నత న్యాయస్థానం దీన్ని సమర్థించింది. కూతుళ్ల విషయంలో 1994లో చట్టం కొంత కదిలింది, గ్రామీణ ఉద్యమకారుల నిరసనల మధ్య. వీలునామా లేకుండా తండ్రి చనిపోతే సొంత భూమిలో కూతురికీ హక్కు వచ్చింది. చోల భూమికి అది వర్తించదు.

సరిహద్దు దాటితే కథ వేరేగా నడిచింది. 1950 భూసంస్కరణ చట్టం కింద వంశాల భూములన్నీ పోయాయి. మందిరాలు బడులయ్యాయి, ధాన్యం గిడ్డంగులయ్యాయి. 1980ల తర్వాత విదేశాల్లోని బంధువుల డబ్బుతో చాలా మందిరాలు మళ్లీ లేచాయి, వంశవృక్షాలు మళ్లీ అచ్చయ్యాయి. అయితే ఈ మందిరాల వెనక పొలం లేదు. ఖర్చు చందాల మీదే, అందుకే గోడలనిండా దాతల పేర్లు, మొత్తాలు. పూజ సమాధి దగ్గర తిరిగొచ్చింది, భూమి మాత్రం గ్రామ సమష్టి సంస్థ చేతిలో ఉంది.

వాటా ప్రశ్న అక్కడికే వెళ్లి చేరింది. పెర్ల్ నది డెల్టాలోని నాన్‌హాయ్‌లో 1990ల మొదట్లో గ్రామాలు తమ భూముల్ని కలిపి ఫ్యాక్టరీలకు కౌలుకిచ్చి, ఊరివాళ్లకు వాటాపత్రాలిచ్చి ఏటా లాభం పంచడం మొదలుపెట్టాయి. పేరు సహకార సంస్థ, పని పాత చో పనే. బయటి ఊరివాణ్ని పెళ్లాడిన కూతుళ్లను చాలా గ్రామాలు జాబితా నుంచి తీసేశాయి, వాళ్లు అదే ఊళ్లో ఉంటూ అక్కడే హుకో అనే అధికారిక నివాస రిజిస్ట్రేషన్ ఉంచుకున్నా సరే. గ్రామసభలో ఓటు వేసేది మిగతా వాటాదారులే, ఒక పేరు తగ్గితే వాళ్ల వాటా పెరుగుతుంది. కాబట్టి ఓటింగులో కూతుళ్లు గెలవడం కష్టం. వాళ్లు దశాబ్దాలుగా అర్జీలు పెట్టారు, కేసులు వేశారు. 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన గ్రామీణ సమష్టి ఆర్థిక సంస్థల చట్టం, పెళ్లి కాలేదనో, అయిందనో, విడాకులు తీసుకుందనో, భర్త పోయాడనో, ఇంట్లో మగవాడు లేడనో ఏ మహిళ హక్కులూ తీయకూడదని స్పష్టంగా రాసింది. జాబితా తయారుచేసేది మాత్రం ఇప్పటికీ గ్రామమే.